ఒకనాటి యాత్ర

యాత్ర యనగానే మనవారికి కాశి, రామేశ్వరము, తిరుపతి జ్ఞప్తికి వచ్చును. అట్టి యాత్రకు ధనము కావలెను. నాలుగైదు దినముల తీరిక కావలెను. ఇల్లు కాచు మనిషి కావలెను. ఈ మూడును ఒక్కసారి చేకూరుట గృహిణికి అరుదు. కావున “వచ్చు సంవత్సరము చూతము” అనుకొని ఊరకుందుము. ఇట్లు వాయిదాలలోనే వయసు గడచి, కాళ్లలో సత్తువ తఱిగిన పిమ్మట గాని మనలో పెక్కుమందికి ఊరు కదలు అవకాశము రాదు. అయితే ఉదయము బయలుదేఱి దీపములు పెట్టు వేళకు ఇల్లు చేరదగిన యాత్రలు మన చుట్టుపట్లనే యెన్నియో కలవు. వానికి పెట్టె సర్దుట అక్కఱలేదు. పరుల యింట బస అక్కఱలేదు. కావలసినదెల్ల ఒక్క సెలవు దినమును, కొంచెము ముందాలోచనయును.

పాశ్చాత్య దేశములలో ఈ పద్ధతి మిక్కిలి వాడుకలో నున్నది. ఇటలీ దేశమును చూడబోవువారు ఫ్లారెన్సు నగరమున బస చేసి, ఒకనాడు రైలులో పీసాకు పోయి అచటి ఒరిగిన గోపురమును చూచి వత్తురు. మఱియొకనాడు సియెనాకు పోయి వత్తురు. ఇంకొకనాడు లూకా పట్టణపు కోటగోడపై నడచి వత్తురు. ఏనాటి రాత్రి యైనను తమ పడకకే మరలుదురు. వారికి మొదట కలుగు చిక్కు ఒక్కటే: చూడదగినవి పది, చేత నున్న దినములు మూడు, దేనిని కోరుకొనుట, దేనిని విడుచుట? శంకర్‌పల్లి వంటి ఊర నున్న మనకును ఆ చిక్కే కలదు. పోదగిన చోట్లు లేకపోవుట కాదు; ఎంచుకొను విధము తెలియకపోవుటయే మన కొఱత. ఆ విధమును గుఱించియే ఈ నాలుగు మాటలు.

శంకర్‌పల్లి హైదరాబాదునకు పడమట సుమారు 40 కిలోమీటర్ల దూరమున నున్నది. 1874లో సికిందరాబాదునుండి వాడికి వేసిన రైలుదారి ఈ యూరి మీదుగనే పోవుచున్నది. ఒకవైపు లింగంపల్లి, మఱియొకవైపు వికారాబాదు; దక్షిణమున చేవెళ్ల, ఆగ్నేయమున మొయినాబాదు, ఉత్తరమున సంగారెడ్డి ప్రాంతము. నగరమునకు మఱీ దూరము కాదు, నగరపు రొదలోనిదియు కాదు. ఒకనాటి యాత్రలకు ఇంతకంటె అనువైన మకాము దొరకుట కష్టము. నగరవాసినులగు సోదరీమణులును లింగంపల్లి వఱకు ఎం.ఎం.టి.ఎస్. రైలులో వచ్చి, అచటినుండి ఈ లెక్కనే పాటింపవచ్చును.

మొదట గంటలు, పిదప కిలోమీటర్లు

చోటు నెన్నుకొనునప్పుడు “ఎంత దూరము?” అని యడుగుట మన కలవాటు. “ఎన్ని గంటలు?” అని యడుగుట మేలు. గృహిణి దినము గంటలతోనే కొలువబడును. ఉదయము 7 గంటలకు గడప దాటి సాయంకాలము 6 గంటలకు మరల గడప త్రొక్కవలెననిన చేతిలో నున్నవి 11 గంటలు. అందు రాకపోకలకు 4 గంటలు మించిన యాత్ర అలసటయే గాని వినోదము కానేరదు. బస్సు కొఱకు నిలుచు కాలమును, ఒక బండి దిగి వేఱొక బండి యెక్కు కాలమును ఇందు చేర్చి లెక్కింపవలయును. మొత్తము 60 కిలోమీటర్లే యైనను మూడు బండ్లు మాఱవలసిన చోటికంటె, తిన్నగా పోవు ఒక్క బండి గల 90 కిలోమీటర్ల చోటు దగ్గఱది.

ఈ లెక్కను పట్టియే మఱియొక సూత్రము పుట్టుచున్నది. శంకర్‌పల్లి పడమటి దిక్కున నున్నది. యాదగిరిగుట్ట, భువనగిరి కోట, పోచంపల్లి చేనేత పల్లెలు తూర్పున నున్నవి. అవి యెంత చూడదగినవైనను, నడుమ నగరమును దాటవలెను. సొంత కారు గలవారు నగరము చుట్టును వేసిన 158 కిలోమీటర్ల వెలుపలి వలయ రహదారి మీదుగా పోగలరు. బస్సు నమ్ముకొన్నవారికి మాత్రము నగరము దాటుటలోనే పూట గడచిపోవును. కావున పడమటివారు పడమరనే తిరుగుట మంచిది. తూర్పు చోట్లను రాత్రి బస చేయదగిన రెండు దినముల యాత్రకు ఉంచుకొనవచ్చును.

గంటలోపు చోట్లు

చంటిబిడ్డలు గలవారును, వృద్ధులు గలవారును మొదట గంటలోపు చోట్లతో ఆరంభింపవలెను. శంకర్‌పల్లి మండలమునందే చందిప్ప గ్రామమున మరకత శివలింగము గల ప్రాచీన దేవాలయ మున్నది. ఉదయము పోయి మధ్యాహ్న భోజనమునకు ఇల్లు చేరవచ్చును. మొదటిసారి బయలుదేఱువారికి ఇట్టి అరపూట యాత్ర మంచి అభ్యాసము.

మొయినాబాదు మండలమున ఉస్మాన్‌సాగరు ఒడ్డున చిలుకూరు బాలాజీ దేవాలయము కలదు. ఇచట హుండీ లేదు. దర్శనమునకు టిక్కెట్టు లేదు. ధనవంతునకు వేఱు వరుస లేదు. మొదటిసారి వచ్చినవారు 11 ప్రదక్షిణములు చేసి కోరిక విన్నవించుకొనుటయు, కోరిక తీఱిన పిమ్మట 108 ప్రదక్షిణములు చేయుటయు ఇచటి యాచారము. విదేశములకు పోగోరు యువకులు విరివిగా వచ్చుటచే “వీసా బాలాజీ” యను పేరు కూడ వచ్చినది. శని ఆదివారములందు జనసమ్మర్దము మిక్కుటముగా నుండును గనుక, వీలున్నవారు నడివారమున పోవుట మేలు. దేవాలయమునకు దగ్గఱనే మృగవని జాతీయ వనమున్నది. దీనిని 1994లో ఏర్పఱచిరి; వైశాల్యము సుమారు 3.6 చదరపు కిలోమీటర్లు. చుక్కల జింకలను చూచి పిల్లలు మురియుదురు. దైవదర్శనము కోరు అత్తగారికిని, ఆటపాటలు కోరు మనుమలకును ఒక్క ప్రయాణముననే సంతృప్తి కలుగు చోటు ఇది. ఇంటిలో భిన్నాభిప్రాయములు గలిగినప్పుడు ఇట్టి జంట చోట్లను వెదకవలెను.

గోలకొండ కూడ దగ్గఱదే. కాని కోట పైకి సుమారు 360 మెట్లు కలవు. మోకాళ్ల నొప్పులు గలవారిని క్రింద కూర్చుండబెట్టి తక్కినవారు పైకి పోవుట మనవారు చేయు పని. అది న్యాయము కాదు. వారి కొఱకు కుతుబ్‌షాహీ సమాధులను ఎంచుకొనుడు. నేల చదునుగా నుండును. తోటలో నీడ కలదు. అచట హయాత్ బక్షీ బేగము సమాధి తప్పక చూడదగినది. ఈమె సుల్తాను మహమ్మదు కులీకి కుమార్తె, సుల్తాను మహమ్మదునకు భార్య, సుల్తాను అబ్దుల్లాకు తల్లి. కుమారుడు చిన్నవాడై గద్దె నెక్కినప్పుడు రాజ్యవ్యవహారములను ఈమె నడపినది. హైదరాబాదునకు తూర్పున నున్న హయత్‌నగరము ఈమె పేరనే వెలసినది. ఆమె 1667లో గతించినది. సుల్తానుల సమాధుల నడుమ వారికి తీసిపోని ఎత్తున ఒక స్త్రీ సమాధి నిలిచియుండుట మన బాలికలకు చూపదగిన విషయము.

ఒక నదిని మూడు దినములలో చూచుట

యాత్రలను విడివిడిగా గాక ఒక దానితో నొకటి ముడిపెట్టి ఎన్నుకొన్నచో వాని ఫలము రెట్టింపగును. మన ప్రాంతమున దానికి మూసీనది చక్కని ఉదాహరణము.

మొదటి దినము అనంతగిరికి పోవలెను. శంకర్‌పల్లిలో రైలెక్కిన వికారాబాదు జంక్షను చేరుదుము. అచటినుండి గుట్టలు కొలది దూరమే. అన్ని బండ్లును శంకర్‌పల్లిలో నిలువవు గనుక, ఏ బండి నిలుచునో, మరలి వచ్చు బండి యెప్పుడో ముందునాడే కనుగొనవలెను. ఈ గుట్టలలోనే మూసీ పుట్టినది. అడవి నడుమ అనంతపద్మనాభస్వామి దేవాలయ మున్నది. ముచుకుంద మహర్షి కిచట స్వామి ప్రత్యక్షమయ్యెనని స్థలపురాణము. నదికి ముచుకుందా నది యని పూర్వపు పేరు. వానలు కురిసిన పిమ్మట, ఆగస్టు మొదలు నవంబరు వఱకు, ఇచటి పచ్చదనము చూచి తీరవలసినదే. సీతాఫలములు పండు కాలమున పోయినచో బుట్టెడు పండ్లతో మరలవచ్చును. ఏప్రిలు, మే నెలలలో ఎండు కొమ్మలు తప్ప వేఱేమియు కానరావు గనుక అప్పుడు పోవలదు.

రెండవ దినము గండిపేట. అనంతగిరిలో పిల్లలు దాటగలిగిన సన్నని నీటిధార, మన మండలముల మీదుగా పాఱి, ఇచట సముద్రమువలె విస్తరించినది. 1908 సెప్టెంబరు 28న మూసీకి వచ్చిన వఱదలో హైదరాబాదున వేలకొలది జనులు మరణించిరి. అట్టి విపత్తు మరల రాకుండుటకై నిజాము ప్రభుత్వము వారు ప్రసిద్ధ యింజనీరు మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని పిలిపించిరి. ఆయన సూచించిన ప్రకారము మూసీకి అడ్డముగా ఉస్మాన్‌సాగరు 1920లోను, ఈసీనదికి అడ్డముగా హిమాయత్‌సాగరు 1927లోను పూర్తియయ్యెను. వఱదను ఆపుట కొక ఉపాయము, నగరమునకు త్రాగునీ రొక లాభము. నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాను పేరు మొదటిదానికిని, ఆయన కుమారుని పేరు రెండవదానికిని పెట్టిరి.

మూడవ దినము నగరమున అఫ్జల్‌గంజునకు పోయి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టును చూపవలెను. 1908 వఱదనాడు దాని కొమ్మలెక్కి సుమారు 150 మంది ప్రాణములు దక్కించుకొనిరని చెప్పుదురు. పుట్టిన చోట తడిమిన నీరే ఇచట ఇన్ని కుటుంబములను తుడిచివేసినదని పిల్లలకు తెలిసినప్పుడు, గండిపేట ఆనకట్ట యెందుకు కట్టిరో పాఠము చెప్పనక్కఱలేదు. సుమారు 240 కిలోమీటర్లు పాఱి నది వాడపల్లి కడ కృష్ణలో కలియును. అది ఇంకొక యేటికి ఉంచుకొనవచ్చును.

ఇందు మనకు మఱియొక బాధ్యత యున్నది. ఈ రెండు జలాశయములను కాపాడుటకై 1996లో ప్రభుత్వము 111వ సంఖ్య ఉత్తర్వును వెలువరించి, చుట్టు 10 కిలోమీటర్ల మేర భవన నిర్మాణములకు హద్దులు పెట్టినది. శంకర్‌పల్లి, చేవెళ్ల, మొయినాబాదు మండలముల గ్రామములును ఆ 84 గ్రామములలో చేరియున్నవి. 2022లో ఆ నిర్బంధములను సడలించుచు వేఱొక ఉత్తర్వు వచ్చినది. పెద్ద భవనముల మాట ప్రభుత్వమును, న్యాయస్థానములును చూచుకొనుగాక. చెఱువుగట్టున తిని పాఱవేసిన ప్లాస్టిక్ సంచి మాట మాత్రము మన చేతిలోనిది. ఆ నీరు ఎవరి యింటి బిందెలోనికో పోవును. తెచ్చిన సంచులలోనే చెత్తను మరల ఇంటికి తెచ్చుకొనుడు.

ఎవరికిని చెప్పని కారణము

ఇప్పుడు పత్రికలలో సాధారణముగా వ్రాయని విషయ మొకటి చెప్పవలసియున్నది. ఇంటిల్లిపాదియు బయలుదేఱు వేళ పెద్దామె “నేను రాను బిడ్డా, మీరు పోయిరాండ్రి, నాకు కాళ్లు గుంజుతున్నయి” అనును. కోడలు “అట్లంటె ఎట్ల అత్తమ్మా” అని ఒకటి రెండుసార్లు బ్రతిమాలి ఊరకుండును. పెద్దామెను ఆపినది కాళ్ల నొప్పి యొక్కటియే కాదు. దారిలో మరుగుదొడ్డి దొరకునో దొరకదో యను భయమే అసలు కారణము. వయసు మీఱినవారే కాదు; గర్భిణులును, నెలసరి దినములలో నున్నవారును, మధుమేహము గలవారును ఈ భయముచేతనే గడప దాటరు. దాటినవారు ఉదయమునుండి నీళ్లు త్రాగరు. ఎండలో దినమంతయు నీరు త్రాగక తిరిగి, తలనొప్పియు మూత్రబాధయు తెచ్చుకొందురు. యాత్ర వద్దనిపించునది ఇదియే.

కావున చోటును ఎన్నుకొనునప్పుడు దృశ్యము ఎంత మనోహరమో విచారించుటకు ముందు, మరుగుదొడ్డి యెచట నున్నదో విచారింపుడు. రైల్వే స్టేషను, పెద్ద బస్సుస్టాండు, టిక్కెట్టు పెట్టిన కోటలు, పెద్ద దేవాలయములు, పెట్రోలు బంకులు — వీనియందు సాధారణముగా నుండును. అడవి గుట్టలయందును, చెఱువుగట్లయందును ఉండకపోవచ్చును. అట్టి చోటికి పోవునప్పుడు దారిలో నొక మజిలీ ఏర్పఱచుకొని, రెండు రెండున్నర గంటలకు మించి ఎడము లేకుండ చూచుకొనవలెను. ఒక బట్టసంచిలో సబ్బు, తువ్వాలు, నీళ్లసీసా, అవసరమైన గుడ్డలు ఉంచుకొనవలెను. ఈ విషయమును ముందుగనే “అత్తమ్మా, ఫలానా చోట బండి ఆపుదుము, అచట సదుపాయ మున్నది” అని చెప్పి చూడుడు. కాళ్ల నొప్పి సగము తగ్గిపోవును.

బస్సు, రైలు, కారు

2023 డిసెంబరు 9 నుండి తెలంగాణమున స్త్రీలకు ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో టిక్కెట్టు ధర లేదు. తెలంగాణవాసిని యని తెలుపు గుర్తింపు పత్రము చూపి, కండక్టరు ఇచ్చు సున్న టిక్కెట్టును అడిగి తీసికొనవలెను. చేతిలో పైకము లేదనియు, అడిగిన ఇత్తురో ఈయరో యనియు ఇంటనే కూర్చున్న స్త్రీకి ఇది చిన్న విషయము కాదు. పుట్టింటికో ఆసుపత్రికో తప్ప బస్సెక్కి యెఱుగనివారు, తమ రాష్ట్రమునందలి ఒక కోటను, ఒక కొండను తమ యిష్టము కొలది చూచి రాగల దినము వచ్చినది. అయితే రాష్ట్రపు సరిహద్దు దాటిన పిమ్మట టిక్కెట్టు కొనవలెననియు, తోడు వచ్చు పురుషులకు ఖర్చు తప్పదనియు లెక్కలో ఉంచుకొనుడు.

రైలు వృద్ధులకు మేలు. కుదుపు తక్కువ, లేచి తిరుగవచ్చును. కారు స్వేచ్ఛ నిచ్చును గాని, తోలువాడు ఇంటి యజమానియే యైనచో ఆయనకు అది సెలవు దినము కాదు. నిద్ర చాలని మనిషిచే దూరప్రయాణము చేయింపరాదు. ఏ బండి యైనను చీకటి పడకమునుపే మరలవలెను. కడపటి బస్సును నమ్ముకొనక, దానికి ముందరి బస్సును మన బస్సుగా భావించుకొనవలెను. అది తప్పినను ఇంకొకటి యుండును గదా.

దారి విషయమున చేవెళ్ల మార్గమును గుఱించి చెప్పక తప్పదు. నగరమునుండి మొయినాబాదు, చేవెళ్లల మీదుగా మన్నెగూడ వైపు పోవు రహదారికి ఇరువైపులను సుమారు 900 మఱ్ఱిచెట్లు, ఊడలు దిగి, కొమ్మలు కలిసి, పందిరివలె నిలిచినవి. బండ్లలో పోవు బాటసారుల నీడ కొఱకు పూర్వులు పెట్టినవి. వానిని చూచుటకే ఆ దారిన పోవచ్చును. కాని ఆ దారి ఇరుకు. లారీల రాకపోకలు విస్తారము. 2025 నవంబరు 3న మీర్జాగూడ కడ కంకర నింపిన లారీ ఎదురుగా వచ్చి ఆర్టీసీ బస్సును ఢీకొనగా 19 మంది మరణించిరి. రోడ్డు వెడల్పు కావలెననువారును, చెట్లు నిలువవలెననువారును చాలకాలము వాదించుకొనిరి. ప్రాణములు నిలువవలెను, చెట్లును నిలువవలెను, రెండును సాధించు మార్గమును ఇంజనీర్లు కనుగొనవలెను. మనము చేయదగినది, ఆ దారిన వేకువ చీకటిలోను, రాత్రియందును పోకుండుట. చెట్లను చూడగోరినచో బండిని రోడ్డునుండి దూరముగా నిలిపి, పిల్లల చేయి విడువక చూచుట.

దూరపు చోట్లు రెండు

ఏడాది కొకటి రెండుసార్లు వేకువనే బయలుదేఱగల ఓపిక గలవారు రెండు దూరపు చోట్లను ఆలోచింపవచ్చును. రెండును నూఱు కిలోమీటర్ల ప్రాంతమునవి. ముందు చెప్పిన 4 గంటల హద్దును దాటునవి. కావున చంటిబిడ్డలు లేనప్పుడే, చలికాలముననే పోవలెను.

ఒకటి మెదకు చర్చి. మొదటి ప్రపంచయుద్ధ కాలమున కఱవు వచ్చినప్పుడు పాస్నెట్టు దొరగారు అన్నము లేనివారికి పని కల్పించి దీనిని కట్టించిరి; 1924 డిసెంబరు 25న తెఱచిరి. గోపురపు ఎత్తు 175 అడుగులు. లోపల మూడు దిక్కుల రంగుటద్దముల కిటికీలలో క్రీస్తు జీవితఘట్టములు చిత్రించియున్నవి. ఆ రంగులు సూర్యుని వెలుతురు వెలుపలినుండి పడినప్పుడే కనబడును. చీకటి పడిన తరువాత పోయినవారికి నల్లని అద్దములు తప్ప వేఱేమియు కానరావు. కావున ఎండ బాగుగా నున్న వేళకు చేరునట్లు బయలుదేఱవలెను.

రెండవది కర్ణాటకమున బీదరు. వికారాబాదునుండి చీలిన రైలుదారి జహీరాబాదు మీదుగా అచటికి పోవుచున్నది. పదునైదవ శతాబ్దమున బహమనీ సుల్తానులు దీనిని రాజధాని చేసికొనిరి. కోటయును, మంత్రి మహమూద్ గవాను 1472లో కట్టించిన విద్యాలయమును చూడదగినవి. గృహిణులకు ప్రీతి గలిగించునది బిద్రీ పని. జస్తును కొంచెము రాగితో కలిపి పోత పోసి, పైన చెక్కిన గీతలలో వెండిని పొదిగి, కోటలోని పాతమన్నును నవాసారముతో కలిపి పూయుదురు. లోహము కాఱునలుపగును, వెండి తెల్లగనే నిలుచును. పని జరుగుచుండగా చూచి, చిన్న భరిణ యొకటి కొనితెచ్చుకొన్నచో, అంగడిలో కొన్న పది వస్తువులకంటె అది ప్రియమగును. గురునానకు పేర వెలసిన నానక్ ఝీరా గురుద్వారమునందు ఎల్ల మతములవారికిని భోజనము పెట్టుదురు. బీదరునకు పోయిన దినమున వేఱొక చోటు పెట్టుకొనరాదు.

వంట చేయు చేతులకును సెలవు

కడపట మిక్కిలి ముఖ్యమగు మాట. ఆదివారము అందఱు విహారమునకు పోవుదురు. అందులకై ఒకతె తెల్లవాఱుజాము మూడు గంటలకు లేచి పులిహోర, పూరీలు, కూర, దద్దోజనము చేసి, అందఱికిని తలలు దువ్వి, డబ్బాలు సర్ది, బస్సులో కునికిపాట్లు పడును. చోటు చేరిన పిమ్మట వడ్డించును. ఇల్లు చేరిన పిమ్మట గిన్నెలు తోమును. తక్కినవారికి అది విహారము. ఆమెకు వంటయిల్లు చెట్టుక్రిందికి మాఱిన దినము మాత్రమే. ఇట్టి యాత్ర రెండవసారి ఆమె యేల కోరును?

కావున భోజనమును తేలిక చేయవలెను. ముందునాడు చేసిన సర్వపిండియో, సకినములో, జొన్నరొట్టెయు పచ్చడియునో, చింతపండు పులుసు కలిపిన అన్నమో ఒక్కటి చాలును. పెరుగన్నము ఎండలో పులియును గనుక పాలు పోసి తోడు వేసి తీసికొనిపోవలెను. పండ్లు దారిలో కొనవచ్చును. డబ్బాలు మోయుట మగపిల్లల వంతు; వడ్డించుట ఆడపిల్ల లొక్కరి వంతు కారాదు. వచ్చిన రాత్రికి చారు, అన్నము చాలునని అందఱును ముందుగనే ఒప్పుకొనవలెను.

చోటును ఎన్నుకొను అధికారము కూడ వంతులవారీగా నుండవలెను. ఒక యింట అత్తగారు, కోడలు, పెద్దపిల్ల, ఇంటి యజమాని అను నలుగురున్నచో మూడు నెలల కొకరు ఎన్నుకొన్నను సంవత్సరమునకు నాలుగు యాత్ర లగును. తన వంతు వచ్చినప్పుడు తన మనసేమి కోరుచున్నదో అనేక గృహిణులు చెప్పలేరు. “మీ యిష్టము” అనుట అలవాటైన నోటికి తన యిష్టము వెంటనే రాదు. రెండు మూడు సారులు అడిగినచో వచ్చును. ఒకామె గుడి యనును. ఒకామె కోట యనును. ఒకామె ఏ పనియు లేక చెట్టుక్రింద రెండు గంటలు కూర్చుండవలెననును. మూడును యాత్రలే.

బయలుదేఱుటకు ముందు చూచుకొనవలసినవి చెప్పి ముగించుచున్నాను. ఆ దినము ఆ చోటు తెఱచియుండునో లేదో కనుగొనుడు. సాలార్‌జంగు మ్యూజియము వంటివి శుక్రవారము మూసియుందురు. ఒక దినమునకు ఒక్క చోటే, మించిన రెండు. గుర్తింపు పత్రము, మందులు, నీళ్లు, గొడుగు మఱువకుడు. మరలు బండి వేళను కాగితముపై వ్రాసి పెద్దపిల్ల చేతి కిండు. ఇంత చేసిన పిమ్మట వానయే వచ్చినను, బండియే ఆలస్యమైనను కలత చెందనక్కఱలేదు. ఒక చోటు చూడక మిగిలినచో మఱియొక ఆదివారమునకు పని దొరకినట్లే. కాశీ రామేశ్వరములు దైవానుగ్రహమైనప్పుడు చూతము. అనంతగిరికి వచ్చు నెలలోనే రైలు కలదు.